తూటాగారి కాలు

మా మావయ్యగారి ఎడమ కాలు మోకాలి దగ్గర వంగేది కాదు. బందరు దగ్గరి గూడూరు పక్కన మా ఊళ్లో ఆ కాలంటే అందరికీ గౌరవం. మొదటి పెద్ద యుద్ధంలో సముద్రం దాటి ఇరాక్‌లో బస్రా వెళ్లి, తూటా తగిలించుకుని వచ్చిన కాలని చెప్పుకునేవాళ్లు. మా ఇంటికి తూటాగారిల్లని పేరు. నేను కోడలిగా వచ్చి మిషన్ బడిలో పంతులమ్మగా చేరాక, పిల్లలు పాఠం కన్నా ఆ కాలు గురించే ఎక్కువ అడిగేవారు. నాకూ గొప్పగానే ఉండేది, అబద్ధం ఎందుకు?

చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది గుడివాడలో సభ పెట్టి ఆయన్ని వేదిక మీద కూర్చోబెట్టారు. రక్తం చిందించిన వీరుడని పొగిడి, మెడలో ఇంత లావు బంతిపూల దండ వేశారు. తోడుగా నేనే వెళ్లాను. ఇంటికి రాగానే దండ తీసి దూడ ముందు పడేశారు. అది శుభ్రంగా తినేసింది.

మర్నాడు ఆదివారం. చర్చి ఆరాధన అయి, గుడి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక నన్ను పిలిచారు.

"అమ్మాయ్, నేను పోయాక సమాధి దగ్గర నా జీవిత చరిత్ర చదువుతారు గదా?"

"ఇప్పుడా మాటలెందుకండీ మావయ్యగారూ!"

"చచ్చినవాడి కళ్లు చారెడంటారు. నాకైతే కాలు కూడా బారెడు చేస్తారు. అందుకని అది నువ్వు రాయి. బతికుండగానే వింటాను."

నోటుపుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. ఆయన అసలు తుపాకీ పట్టుకోనేలేదట. సైన్యానికి సామాన్లు మోసే కంచరగాడిదల్ని తోలడం ఆయన పని. ఒకరోజు వానలో, నది ఒడ్డున, బరువుతో సహా ఒక గాడిద బురదలో దిగబడింది.

"మన కాలవలో గేదె దిగబడితే ఏం చేస్తామమ్మా? వెనక్కెళ్లి తోక మెలిపెడతాం. నేనూ అదే చేశాను. అది గేదె కాదు గదా! ఒక్క తన్ను తన్నింది. మోకాలు పిండయిపోయింది."

నాకు నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆపేశారు.

"నన్ను వీపునేసుకుని మోసుకొచ్చినవాడు పామిడిముక్కల ఊరివాడు. నడుం లోతు బురదమ్మా. క్యాంపు దాకా కిందికి దించలేదు. ఆ తడుపుకే జొరమొచ్చి వారం తిరక్కుండా పోయాడు. అక్కడే ఇసకలో పెట్టారు."

తిరిగొచ్చి బందరు స్టేషన్లో చంకకర్రతో దిగినప్పుడు ఎవరో "తూటా తగిలిందా?" అని అడిగారట. ఈయన కాదనలేదు. అంతే. ఊరు మిగతాది అల్లేసింది. ఆ తర్వాత గాడిద సంగతి చెబితే నవ్వులపాలు. గాడిద సంగతి చెప్పకుండా మోసినవాడి సంగతి చెప్పడం కుదరదు. దాంతో నలభై ఏళ్లకు పైగా ఆ మనిషి పేరే ఎత్తలేదు. అత్తయ్యగారికి కూడా చెప్పలేదు. పామిడిముక్కలలో అతని చెల్లెలు ఉందని తెలిసీ ఆ దారిన వెళ్లలేదు.

"నా పరువు కోసం వాణ్ణి రెండోసారి పూడ్చానమ్మా," అన్నారు. ఆయన కళ్లనీళ్లు చూడడం నాకదే మొదలు.

నేను మర్యాద కోసం 'ఒక జంతువు' అని రాస్తే ఒప్పుకోలేదు. "కంచరగాడిద అనే రాయి." 'ఒక స్నేహితుడు' అని రాస్తే మరీ కోపం వచ్చింది. "వాడి పేరు, తండ్రి పేరు, ఊరు రాయి. సైన్యంలో హాజరు పిలిచేవాళ్లే, అట్టాగ."

మా ఆయన ఆ కాగితం చూసి మండిపడ్డారు. "రేపు మన పిల్లల్ని గాడిదగారి మనవలంటారు. అది నువ్వు చదివావంటే చూడు!"

రెండేళ్లు గడిచాయి. నాట్లు పడే రోజుల్లో మావయ్యగారు మంచం పట్టారు. చివరి రోజు కూడా అదే మాట.

"కాగితం ఉందా అమ్మాయ్?"

"ఉందండీ."

"చదువుతావుగా?"

"చదువుతానండీ."

చదవలేదు. సమాధి దగ్గరికి గుడివాడ పెద్దలంతా వచ్చారు. మా ఆయన ఎదురుగా నిలబడి నన్నే చూస్తున్నారు. "బస్రా యుద్ధంలో గాయపడి" అని చదివి, రెండు పేరాలు దాటేశాను. బళ్లో ఒక్క లైను దాటేసిన పిల్లల్ని గోడకుర్చీ వేయించేదాన్ని నేనే. చాలా బాగా రాశావమ్మా అని అందరూ మెచ్చుకున్నారు.

వారం తర్వాత, ఇంట్లో చెప్పకుండా, పామిడిముక్కల బస్సెక్కాను. ఆ చెల్లెలు ముసలావిడ, అరుగు మీద మినుములు చెరుగుతోంది. నేనెవరో చెప్పి, కాగితం మొత్తం చదివాను. గాడిద దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్న సంగతి రాగానే చేట పక్కన పెట్టి, మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"జొరంతో పోయాడని కార్డుముక్క వచ్చింది తల్లీ, అంతే. నా చిన్నప్పుడు నన్ను కూడా అట్టాగే వీపునేసుకుని కాలవ దాటించేవాడు," అంది. తర్వాత అడిగింది, "ఇది అందరి ముందూ చదివారా అమ్మా?"

చెంప మీద కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

"లేదండీ. వచ్చే ఆదివారం మా గుళ్లో ఆయన జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు చదువుతాను. మీరు రావాలి."

వచ్చింది. తెల్లచీర కట్టుకుని ఆడవాళ్ల వైపు ముందు చాప మీద కూర్చుంది. ఇవాళ చదువుతున్నానని పొద్దున్నే మా ఆయనకి చెప్పాను. ఆయన మొహం తిప్పుకున్నారు గానీ వద్దనలేదు.

గాడిద దగ్గరికి రాగానే గుడి గుడంతా గొల్లున నవ్వింది. మా ఆయన తల దించుకున్నారు. నవ్వు సద్దుమణిగేదాకా ఆగాను. తర్వాత ఆ మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, మావయ్యగారు రాయించినట్టే గట్టిగా చదివాను.

ముందు చాప మీద ముసలావిడ, మా బళ్లో హాజరు పిలిచినప్పుడు పిల్లలు లేచినట్టే, లేచి నిలబడింది. మళ్లీ ఎవరూ నవ్వలేదు. కాగితం చివరిదాకా నేను చదివేవరకూ ఆవిడ కూర్చోలేదు.