ఎత్తు దగ్గర ఆగిన కుర్చీ

ఒక మనిషి నా తప్పును తన తప్పనుకుని బతుకుతోంది. ఏళ్లయింది. ఈ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నా ముఖం చూడలేరు కాబట్టి. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఉన్నవాణ్ణయితే ఇంతదాకా వచ్చేదే కాదు.

నాది నాచారంలో చిన్న రిపేరు షాపు. బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీలు, గడ్డం గీసే ట్రిమ్మర్లు, కాళ్లు పిసికే మిషన్లు బాగుచేస్తాను. మొదట్లో నేను ఇన్వర్టర్ బ్యాటరీల మనిషిని. ఉప్పల్‌లో పని నేర్చుకున్నాను. కరెంటు కోతలున్న రోజుల్లో మాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. తర్వాత కోతలు తగ్గాయి. ఊరంతా సంతోషపడింది, నేను తప్ప. అప్పుడు ఈ కుర్చీల పనిలోకి దిగాను. ఎవరూ నేర్పలేదు. ఎక్కడున్నా బ్యాటరీ బ్యాటరీయే కదా అనుకున్నాను. ఇదంతా మొదలైంది ఆ పొగరు దగ్గరే.

ఇళ్లలో ఇన్వర్టర్‌కి మామూలుగా ఒకటే బ్యాటరీ. పోతే తీసేసి ఇంకోటి పెడతాం, పని అయిపోయింది. చక్రాల కుర్చీలో రెండుంటాయి, సీటు కింద పక్కపక్కనే. మారిస్తే రెండూ కలిపే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే బరువు మీద పడగానే పాతది చేతులెత్తేస్తుంది, దాంతోపాటు కుర్చీ మొత్తం ఆగిపోతుంది. ఈ ముక్క నాకు తెలియదని చెప్పను. తెలుసు. తెలిసి కూడా నా చేయి పాత అలవాటు ప్రకారమే పోయింది.

ఆమె పేరు స్వరూప అనుకోండి. అసలు పేరు రాయను. చిన్నప్పుడే కాళ్లు చచ్చుబడ్డాయి. తల్లి, అన్నతో కలిసి మా షాపు వెనక కాలనీలో ఉండేది. ఉప్పల్‌లో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో కౌంటర్ దగ్గర ఉద్యోగం. రోజూ ఆ కుర్చీలో, ఎవరి తోడూ లేకుండా, లారీల పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ పోయేది. ఆటోవాళ్లు దారి ఇవ్వకపోతే ఊరుకునేది కాదు. మా షాపు ముందు నుంచి పోతూ, "అన్నా, ఇంకా షటర్ తీయలేదా, నేను డ్యూటీకి వోతున్న" అని ఎత్తిపొడిచేది. నవ్వొచ్చేది నాకు.

ఒకసారి ఆమె కుర్చీలో ఒక బ్యాటరీ చచ్చిపోయింది. మర్నాడు డ్యూటీకి పోవాలంది. నా దగ్గర ఒకటే ఉంది. కుర్చీలో ఉన్న రెండోదానికి మీటర్ పెడితే బాగానే చూపించింది. చచ్చినదాన్ని మార్చాను, పాతదాన్ని గుడ్డతో తుడిచి కొత్తదాని పక్కన పెట్టాను. ఆమెకు ఈ మాట చెప్పలేదు. తర్వాత ఎప్పుడో రెండోది తెప్పించి మారుద్దామనుకున్నాను. తర్వాత మరిచిపోయాను. ఇక్కడివరకు పొరపాటు. పొరపాట్లు అందరూ చేస్తారు, ఇక్కడితో ఆగి ఉంటే నేను మీకు ఇది రాసేవాణ్ణి కాదు.

కొన్ని నెలలకు ఉప్పల్ నుంచి తిరిగొచ్చే దారిలో ఎత్తు దగ్గర ఆమె కుర్చీ ఆగిపోయింది. సాయంత్రం, షిఫ్టు వదిలే వేళ. వాన పడుతోంది. రోడ్డు మధ్యలో ఆమె, వెనక బ్రేకులు గీసుకుంటూ లారీ. ఫ్యాక్టరీ నుంచి వస్తున్నవాళ్లు పరిగెత్తి కుర్చీని పక్కకు లాగారు. దెబ్బ తగల్లేదు. కబురందగానే వాళ్లన్న పరిగెత్తుకొచ్చాడు. అక్కణ్ణుంచి అన్నాచెల్లెళ్లిద్దరూ నేరుగా నా షాపుకే వచ్చారు. తడిసిన బట్టల్లో వాళ్లన్న ఆమెకంటే ఎక్కువ వణుకుతున్నాడు.

సీటు ఎత్తి మూత తీశాను. రెండు బ్యాటరీలూ కనపడ్డాయి, మెరుస్తూ ఒకటి, వెలిసిపోయి ఒకటి. నాకు గుర్తొచ్చిందా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. గుర్తొచ్చింది. మీటర్ పెట్టాను. కాసేపు విశ్రాంతి దొరికితే అలసిన బ్యాటరీ కూడా బాగున్నట్టే చూపిస్తుంది. అలాగే చూపించింది. నేను ఆ అంకె చూసి, మూత వేసేశాను.

"బ్యాటరీలు మంచిగనే ఉన్నయి" అన్నాను. "చార్జింగ్ పెట్టుడు మర్సిపోయినట్టుంది."

స్వరూప నా మీద గయ్యిమంది. "రోజు పెడుతున్న అన్నా! పచ్చ లైటు వచ్చేదాక సూసి తీస్తున్న. గట్లెట్ల అంటవ్? నీకు పని రాకపోతే రాదని జెప్పు!"

షాపులో ఇంకో ఇద్దరు గిరాకీలున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "మీటర్ అబద్ధం చెప్తదా అమ్మా?" అన్నాను, వాళ్లన్న వైపు చూస్తూ.

మీటర్ అబద్ధం చెప్పలేదు. దాన్ని అడ్డం పెట్టుకుని చెప్పింది నేను.

వాళ్లన్న నా మాటే నమ్మాడు. నమ్మడా మరి? నేను మెకానిక్‌ని. పైగా చెల్లెలు లారీ కింద పడబోయిందన్న భయంలో ఉన్నాడు. "ఇగ ఒక్కదానివి పోవుడు బంద్" అని అక్కడే అన్నాడు. స్వరూప ఒకసారి నా వైపు చూసింది. ఏదో ఒకటి చెబుతానని చూసింది. నేను స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాను. అది నా చేతిలోనే ఉంది.

ఆ నెలలోనే ఆమె ఉద్యోగం పోయింది. రోజూ తీసుకెళ్లి తీసుకొచ్చేవాళ్లెవరు? కొన్నాళ్లకు వాళ్లన్న కుర్చీని నా షాపులో దింపి, ఎవరైనా అడిగితే ఇచ్చేయమన్నాడు. ఇంట్లో అడ్డంగా ఉందట.

అతను వెళ్లిన రెండ్రోజులకు ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను. బహుశా నా మాటే నిజమై ఉండాలని ఆశేమో. షాపు వెనక సందులో చిన్న ఎత్తుంది. ముందురోజంతా చార్జింగ్ పెట్టాను, పచ్చ లైటు నా కళ్లతో చూశాను. కుర్చీని నడిపే పుల్ల ముందుకు నొక్కితే కుర్చీ హుషారుగా కదిలింది. ఎత్తు సగం ఎక్కిందో లేదో, టక్కుమని ఆగింది. చేతి కింద లైట్లన్నీ ఆరిపోయాయి. వెనక నుంచి ఒక ట్రాలీ ఆటో వస్తోంది, హారన్ మీద హారన్. నాకు కాళ్లున్నాయి. దిగి పక్కకు జరగొచ్చు. కానీ లేవలేకపోయాను. నిజంగా లేవలేకపోయాను. ఆటోవాడు దిగొచ్చి, "ఏందన్నా, పానం మంచిగ లేదా?" అని కుర్చీని పక్కకు నెట్టాడు. ఆమెకు ఆ సాయంత్రం వానలో, లారీ ముందు ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

అప్పుడైనా చెప్పాలి కదా? వాళ్ల ఇల్లు వెనక కాలనీలోనే. నడిచి వెళ్లి, "తప్పు నాది" అంటే చాలు. నేనేం చేశానో తెలుసా? ఆ పాత బ్యాటరీ పీకేసి రెండూ కొత్తవి పెట్టాను. వాళ్లన్న ఫోన్ చేసి, "ఏమన్న ఖరాబుందా అన్నా?" అని అడిగితే, "ఏం లేదు, మస్తుగుంది" అన్నాను. కుర్చీ దమ్మాయిగూడలో ఒకాయన తీసుకుపోయాడు. ఎంత ఎత్తైనా ఎక్కుతోందని తర్వాత ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అసలు మాట ఇంకా చెప్పలేదు మీకు. చుట్టూ తిప్పుతున్నాను, నాకే తెలుస్తోంది.

మరో ఏడాదికి స్వరూప తల్లి కాళ్లు పిసికే మిషన్ పాడైందని వాళ్లింటికి పిలిచారు. పోకుండా ఉండాల్సింది. పోయాను. స్వరూప చాప మీద కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. నన్ను చూసి నవ్వింది కానీ, షాపు ముందు నన్ను ఎత్తిపొడిచిన నవ్వు కాదది. చిన్న నవ్వు. నేను మిషన్ విప్పి, ఊడిన వైరు అతికిస్తున్నాను. ఆమె నెమ్మదిగా అంది.

"అన్నా, ఆ దినం అందరి ముంగట నీ మీద ఒర్లిన. మనసుల పెట్టుకోకు."

నేను అతికించిన వైరునే మళ్లీ అతికించాను.

"నేనే మర్సిపోయిన్నేమో అన్నా. రోజు పెట్టిన అనే అనుకున్న. మస్తు యాది జేసుకున్న, ఇప్పుడు నాకే నమ్మకం లేదు. పొయ్యి బంద్ జేసినా, లేదా అని గూడ మల్ల మల్ల సూసుకుంటున్న. మాఫ్ చెయ్యి."

కరెంటు షాక్ నాకు కొత్త కాదు, ఈ పనిలో ఎన్నో తిన్నాను. ఇలాంటిది మాత్రం తినలేదు. నేను ఆమె ఉద్యోగం ఒక్కటే పోగొట్టాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆమె మీద ఆమెకున్న నమ్మకం కూడా నేనే తీసేశాను. మూత వేసినంత తేలిగ్గా.

ఆ క్షణంలో నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, చెబుదామనే తెరిచాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పర్లేదు తియ్యమ్మా. ఎవరికైనా అయితది."

క్షమించాను ఆమెను. నేను! ఆ తర్వాత వాళ్లమ్మ ఇచ్చిన చాయ్ కూడా తాగాను.

ఇప్పుడు వాళ్లు అన్నోజిగూడ వెళ్లిపోయారు. అన్న ఫోన్ నంబర్ నా దగ్గరుంది. చేయొచ్చు కదా అంటారు మీరు. నిజమే. చెబితే ఉద్యోగం తిరిగొస్తుందా అని నాకు నేను సాకు చెప్పుకున్నాను. ఉద్యోగం సంగతి వదిలేయండి, పొయ్యి దగ్గర మళ్లీ మళ్లీ చూసుకోవడమైనా ఆగుతుంది కదా? ఆగుతుంది. అది తెలిసి కూడా ఫోన్ తీసి, పెట్టేస్తున్నాను. నేనింతే పిరికివాణ్ణి, ఇందులో దాచడానికేమీ లేదు.

ఈ మధ్య షాపుకు ఏ కుర్చీ వచ్చినా ముందు నేనే కూర్చుని వెనక సందులో ఎత్తు ఎక్కిస్తున్నాను. ఎంత జాగ్రత్తో అంటున్నారు గిరాకీలు. ఆ మాట వింటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఆమెకు చెప్పాల్సిన మాట ఎప్పుడూ పైకి అనలేదు నేను. ఇక్కడ, మీ ముందు మొదటిసారి అంటున్నాను. అంటుంటే ఊపిరి ఆడుతోంది. వినాల్సిన మనిషి ఇక్కడ లేదని నాకు తెలుసు.

నువ్వు మర్సిపోలే స్వరూపా. రోజు పెట్టినవ్.