మా కోడలి పుస్తకం, నా ఉపన్యాసం

ఉక్కు కరిగించే ఊళ్ళో ఉద్యోగమంతా చేసి, ఒంటిమీద చిన్న బొబ్బైనా లేకుండా రిటైరైన ఫోర్‌మన్‌ని నేను. అలాంటివాణ్ణి, ఒక ఆదివారం పొద్దున్న మా గుమ్మం ముందు అతిథుల చెప్పుల మధ్య నిలబడి, ఒకే ఒక్క ఉపన్యాసంతో మా ఇల్లు తగలబెట్టాను. మంటలూ పొగా లేవు లెండి. ఉంటే బాగుండేది, నీళ్ళు పోస్తే ఆరేవి.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. భిలాయిలో, సెక్టర్ ఆరులో క్వార్టరు. నేనూ, మా ఆవిడ సరస్వతీ, ప్లాంటులోనే ఇంజనీరుగా ఉన్న మా అబ్బాయి శ్రీనూ, కోడలు హరితా. హరిత పుట్టిల్లు విజయనగరం. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో ఉద్యోగం చేస్తుంది. ఒక్క మాటలో తేలే సంగతిని పూట పొడుగునా సాగదీసే వంశం మాది. ఆ అమ్మాయి ఆ ఒక్క మాటా చెప్పేసి ఊరుకుంటుంది.

పెళ్ళైన కొత్తలో వాళ్ళిద్దరి యుద్ధాలకి నేనే సాక్షిని. వాడు మొహం మాడ్చుకుని కూర్చునేవాడు. "ఏమైంది?" అని ఈ పిల్ల అడిగేది. "ఏం లేదు" అనేవాడు. ఏం లేదన్నాడు కదా అని ఆమె వెళ్ళి హాయిగా పని చేసుకునేది. వాడు వారం రోజులు ఉడికేవాడు. పెళ్ళిళ్ళలో బ్యాండు మోత మొదలైతే ఆమె తింటున్న విస్తరి ముందు నుంచి లేచి బయటికి వచ్చేసేది. "కోడలికి పొగరు" అనేవారు మావాళ్ళు. ఆ మావాళ్ళలో నేనూ ఉన్నాను.

కిందటేడు రాయపూర్‌లో ఒక డాక్టరమ్మ హరితకి ఆటిజం ఉందని తేల్చింది. జబ్బు కాదట, పుట్టుకతో వచ్చిన తీరే అదట. ఆ తరవాత మా ఇంటికి ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఆటిజం ఉన్న ఆడవాళ్ళూ, వాళ్ళ భర్తలూ ఒకరినొకరు తెలుసుకోడానికి రాసింది. సాయంత్రాలు ఇద్దరూ వరండాలో కూర్చుని చదువుతూ "ఇది నువ్వే," "కాదు, ఇది అచ్చం నువ్వు" అని నవ్వుకునేవారు. కొన్నాళ్ళకి వాడు "ఏం లేదు" అనడం మానేసి, "కోపంగా ఉంది, కాసేపాగి మాట్లాడతా" అనడం నేర్చుకున్నాడు. ఎక్కడికైనా వెళ్ళినప్పుడు మోత భరించలేకపోతే ఆమె వాడి మోచెయ్యి తడుతుంది. వాడు వెంటనే "కార్లో ఏదో మరిచిపోయాం" అంటూ లేస్తాడు. ఇంత కాలం కాపురం చేశాను గానీ, మోచేతితో ఇంత పని జరుగుతుందని నాకు తెలీదు.

అక్కడే నాకు అసూయ పుట్టింది. వాళ్ళు బజారుకెళ్ళిన పూట ఫ్రిజ్ మీంచి ఆ పుస్తకం దించి చదివేశాను. మొత్తం చదివానని అందరికీ చెప్పాను గానీ, నిజానికి మధ్యలో ఒక అధ్యాయమూ, బొమ్మలున్న పేజీలూ చదివాను. అంతే. ఫోర్‌మన్ బుర్ర కదా, సారమంతా పిండేశాననుకున్నాను.

ఇంతలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం తలపెట్టాం. వందమందిని పిలిచాం. సరే, ఇరవై. హరిత శ్రీనుతో ముందే ఏర్పాటు చేసుకుంది. హారతి వేళ గంటా శంఖం మోగుతున్నంతసేపూ లోపలి గదిలో ఉంటుంది. మోత ఆగాక వచ్చి ప్రసాదం పంచుతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేని చక్కటి ఏర్పాటు. దాన్ని ఇంకా చక్కగా చెయ్యాలని నాకు బుద్ధి పుట్టింది.

మిల్లులో షిఫ్టు మొదలయ్యే ముందు మనుషుల్ని వరసగా నిలబెట్టి, ఎక్కడ ఏ ప్రమాదముందో చెప్పేవాణ్ణి. సేఫ్టీ టాక్ అంటాం. అది వినకుండా ఎవణ్ణీ లోపలికి పోనిచ్చేవాణ్ణి కాదు. నేను రిటైరయ్యాను గానీ నా నాలుక ఇంకా డ్యూటీలోనే ఉంది. వ్రతానికొచ్చినవాళ్ళని వచ్చినట్టు గుమ్మం ముందు ఆపేశాను.

"ఏటి బావా, లోపలికి రానివ్వవేటి?" అన్నాడు అప్పలనాయుడు. నాతోపాటు మిల్లులో చేసినవాడు, సెక్టర్ రెండులో ఉంటాడు.

"ఆగు. ముందు జాగర్తలు విను. మా కోడలికి ఆటిజం. ఆ అమ్మాయి మొహంలోకి ఎవరూ చూడకూడదు. గంట కొట్టకూడదు."

"మరి పూజెలాగ?"

"మనసులో కొట్టుకో. ఇంకోటి. తనతో చుట్టూ తిప్పి మాట్లాడకూడదు. ఏదున్నా సూటిగా చెప్పీయాలి."

"ఒలమ్మ! గుంట చూస్తే నిక్షేపంలా ఉంది కదన్నయ్యా!" అంది వాళ్ళావిడ వరహాలమ్మ.

"పైకి కనిపించదమ్మా. తీగలో కరెంటు పైకి కనిపిస్తుందేటి?"

ఆ పోలికకి నాకు నేనే చప్పట్లు కొట్టుకోవాలనిపించింది. అందరికీ అర్థమైందా అన్నట్టు "సబ్ సమఝ్ గయే?" అని గర్జించాను. మిల్లులో లాగే అందరూ చేతులెత్తారు.

వ్రతం మొదలైంది. పంతులుగారు కథంతా గుసగుసగా చదివారు. షావుకారు పడవ మునిగిందో తేలిందో ముందు వరసవాళ్ళకే తెలియలేదు. హారతి వేళ మా ఆవిడ గంట మీద చెయ్యి వేస్తే కళ్ళెర్రజేశాను. లోపలి గదిలో హరిత, గంట ఆగితే బయటికి రావాలని కూర్చుని ఉంది. మోగని గంట ఎప్పుడు ఆగుతుంది? చివరికి మా ఆవిడే వెళ్ళి పిలుచుకొచ్చింది.

ప్రసాదం పళ్ళెంతో హరిత హాల్లోకి రాగానే అందరి తలలూ టపటపా వాలిపోయాయి. ఒకాయన గోడవైపు తిరిగి, స్నానాల గదిలో కళ్ళ నిండా నురగతో సబ్బు వెతుక్కునేవాడిలా చెయ్యి వెనక్కి చాపాడు. వరహాలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది.

"ఎవరైనా పోయారా?" అని మెల్లగా అడిగింది హరిత.

వాలిన తలలు ఇంకాస్త వాలాయి.

"అప్పలనాయుడు బాబాయ్, అందరికీ ఏమైంది?"

పాపం, సూటిగా చెప్పమన్న నా మాట వాడికి బాగా గుర్తుంది. నేల చూస్తూ సూటిగా చెప్పాడు. "నీకు ఆటిజమట కదమ్మా. మీ మావయ్య సెప్పినాడు. నీకేసి సూడొద్దన్నాడు."

ఇక్కడ నేనొక జోకు వెయ్యాలి. రావడం లేదు.

హరిత పళ్ళేన్ని విసిరేసినా బాగుండేది. ఒలక్కుండా బల్ల మీద పెట్టింది. శ్రీను మోచెయ్యి కోసం చెయ్యి చాపింది. వాడు ఆ చివర పంతులుగారికి తాంబూలం ఇస్తున్నాడు. చాపిన చెయ్యి అలాగే వెనక్కి తీసుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

అందరూ వెళ్ళాక శ్రీను నా ముందుకొచ్చాడు. "క్యా కర్ దియా నాన్నా, ఏం చేశావిది! ఎవరు చెప్పమన్నారు నీకు?"

"ఆ పుస్తకం చదివే చెప్పాన్రా!"

"ముందుమాట చదివావా?"

"ముందుమాటలు ఎవడు చదువుతాడ్రా!"

తెలుగు పుస్తకాలు చదివి పెద్దవాణ్ణయ్యాను. పెద్దమనుషులు వరసకట్టి రచయితని పొగిడే పేజీలన్నీ తిప్పేసి లోపలికి దూకడం నాకు చిన్నప్పటి అలవాటు. ఈ ముందుమాటలో పొగడ్తలు లేవు. ఈ సంగతి ఆమెదనీ, ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలో ఆమే తేల్చుకోవాలనీ, భర్తైనా సరే ఆమెని అడక్కుండా నోరు విప్పకూడదనీ ఉంది. మామగారి ప్రస్తావన లేదు. ఇలాంటి మామగారు ఉంటాడని రాసినవాళ్ళకి తోచి ఉండదు.

"తను వాళ్ళమ్మకే ఇంకా చెప్పలేదు," అన్నాడు శ్రీను. "విజయనగరం వెళ్ళి చెబుదామని ఎన్నాళ్ళ నుంచో మాటలు కూర్చుకుంటోంది. నా ముందు చెప్పి చూసుకుంటోంది. 'అమ్మా, నన్ను నువ్వు సరిగ్గా పెంచలేదని అందరూ అన్నారు కదా, అది నిజం కాదు' అని మొదలుపెట్టాలనుకుంది."

వరహాలమ్మ చెల్లెలు ఉండేది విజయనగరంలో హరిత వాళ్ళ వీధిలోనే. సాయంత్రానికల్లా కబురు అక్కడికి చేరింది. చేరేసరికి "మీ అమ్మాయి మొహం చూస్తే అపాయమట" అయింది. వియ్యపురాలు ఫోన్ చేసి ఏడ్చింది. "ఊరందరికీ తెలిసినాక తల్లికి తెలిసిందేటమ్మా?" అంది కూతురితో.

ఏ మాటనైనా మొదటిసారి చెప్పడం ఒక్కసారే కుదురుతుంది. హరితకి దక్కాల్సిన ఆ ఒక్కసారినీ నేను చెప్పుల మధ్య ఖర్చుపెట్టేశాను.

మర్నాడు క్షమాపణ చెప్పుకోడానికి వెళ్ళాను. నా పెద్దతనం, నా మంచి మనసు, నా బీపీ అన్నీ కలిపి ఒక ప్రసంగం అందుకున్నాను.

"మావయ్యా, ఇది చాలా పొడుగ్గా ఉంది," అంది హరిత. "మీరేం చేశారో అదొక్కటీ చెప్పండి."

"నువ్వు చెప్పుకోవాల్సిన మాట నేను చెప్పేశాను."

"అవును."

"మరి... క్షమించావా అమ్మా?"

"లేదు. ఇంకా కోపంగానే ఉంది. తగ్గితే నేనే చెబుతాను. రోజూ అడక్కండి."

రోజూ అడగలేదు. రోజు విడిచి రోజు అడిగాను. మా ఆవిడ చూసి మాన్పించింది.

ఆ వారమే వియ్యపురాలు రైలెక్కి వచ్చేసింది. గేటు దగ్గరే నన్ను పట్టుకుంది. "అన్నయ్యగారూ, మీరు పుస్తకాలు చదివినారట. మీరే చెప్పండి. నా పిల్లకి ఏటయింది?"

చూశారా నా పరీక్ష! అడిగి మరీ వింటానంటున్న మనిషి. గొంతులో పోలికలు క్యూ కట్టాయి. కిటికీ వెనక హరిత నిలబడి నన్నే చూస్తోంది.

"హరితనే అడగండి చెల్లెమ్మా," అన్నాను.

"మీకు తెలీదేటి?"

"తనకి తెలిసినంత తెలీదు."

తల్లీకూతుళ్ళు గదిలో చాలాసేపు ఉన్నారు. ఒకసారి ఏడుపు వినిపించింది. ఎవరిదో తెలీదు. నా చెవి తలుపు వైపు సాగుతుంటే మా ఆవిడ నన్ను పెరట్లోకి తోలేసింది. హరిత అక్కడికే వచ్చింది.

"మీరు చెప్పినదాంట్లో సగం తప్పు మావయ్యా. అది సరిదిద్దడానికే టైమంతా పట్టింది. నేననుకున్న మాటతో మొదలుపెట్టలేకపోయాను."

వ్రతం నాటి అతిథుల్లా నేనూ నేల చూశాను.

"గేటు దగ్గర మీరు చెప్పకపోవడం బాగుంది," అని వెళ్ళిపోయింది. మాట్లాడనందుకు నాకు జీవితంలో దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. కోపం తగ్గిందని మాత్రం ఆ అమ్మాయి ఇప్పటిదాకా చెప్పలేదు.

కాబట్టి భిలాయిలోని సెక్టర్లన్నిటి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మా ఇంట్లో ఎవరి సంగతీ, మా ఆవిడ మోకాళ్ళ నొప్పితో సహా, వాళ్ళనడక్కుండా నా నోట రాదు. మరి ఇదంతా రాశావేమని అడుగుతారు. ముందు హరితకే చూపించాను. పేర్లు మార్చమంటే మార్చాను. రెండు పేరాలు నిలువునా కొట్టేసింది. అసలు నవ్వంతా ఆ రెండిట్లోనే ఉంది. అయినా చెప్పను.