రోడ్డు పక్క కయ్య, డ్రైవరు లేని మిషను

మైపాడు సముద్రం సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే వచ్చే తుఫాను నేరుగా నా చేలోనే తీరం దాటుగాక.

రోడ్డు పక్కన నాదొక చిన్న కయ్య, అంటే వరిమడి. దాని వెనక పొరుగు ఆసామి పెద్ద పొలం. దానికి వేరే దారి లేదు. మిషను ముందు నా కయ్య కోసి, ఆ మోళ్ల మీదుగా అతని పొలంలోకి దిగాలి. పచ్చని పైరు తొక్కనివ్వమని మా ఊళ్లో ఎవరూ అడగరు.

పోయినేడు అతగాడు అప్పు చేసి డ్రైవరు లేని కోతమిషను తెచ్చాడు. దానికి డ్రైవరు బేటా లేదు, టీ ఖర్చు లేదు. కోతకొచ్చే ఆడవాళ్లంతా రొయ్యల షెడ్లకు మళ్లారు. దారి కోసం నా రోడ్డు పక్క కయ్య కోశాడు, తన పొలం కోసుకున్నాడు. కాలవ అవతల నా ముక్క కూడా కోయమంటే తల అడ్డంగా ఊపాడు.

“గిట్టదన్నా. ఆ ముక్కలో మిషను తిరగడానికే టైమంతా పోద్ది. నేను కంతులు కట్టుకోవాల గదా! పెద్ద కయ్య ఉంటే చెప్పు.”

ఆ వారమే వాన. నా ముక్కలో వడ్లు కంకి మీదే మొలకెత్తాయి. నాకు మిగిలింది పగ. ఈ ఏడు దాన్నే నారు పోశాను.

అందరూ నాలుగు నెలల సన్నాలు నాటితే, రోడ్డు పక్క కయ్యలో నేను పాతకాలం మొలగొలుకుల వరి నాటాను. ఆర్నెల్ల పంట. దిగుబడీ తక్కువే.

“కడుపుకి పండిస్తన్నావా, పగకి పండిస్తన్నావా?” అంది మా ఆవిడ.

“ఈ ఏడు పగకే.”

అతని పొలం పండింది. నాది పచ్చగా నవ్వుతోంది. మిషను రోడ్డు మీదే నిలబడింది. దానికి పని ఆగింది గానీ కంతు ఆగలేదు. కాకులు దాని నెత్తినెక్కి కూర్చుంటే, నేను ఎదురుగా తూము మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకున్నాను. సముద్రం వైపు మబ్బు పట్టింది. అతను రొయ్యల షెడ్ల చుట్టూ తిరిగినా ఒక్క కూలీ రాలేదు. చివరికి మా గడప ముందుకొచ్చాడు.

“అన్నా, నీ కయ్యలో దారియ్యన్నా. పంట పోతాది.”

“గిట్టదబ్బయ్యా. పెద్ద కయ్య ఉంటే చెప్పు.”

అతని వెనక మిషను కూడా మెడ వంచి దండం పెట్టింది. ఆ సాయంత్రమే వాన కొట్టింది. అతని చేను నేలకు పరుచుకుంది.

ఇక ఒప్పుకోవాలి. మిషను దండం పెట్టలేదు. అది అందరూ కనిపెట్టే ఉంటారు. అసలు కల్పన వేరే. అతను మా గడపకు రానే లేదు. పంట పోగొట్టుకున్నాడు గానీ నన్ను అడగలేదు. ఆ జవాబు ఇంకా నా నోట్లోనే నానుతోంది. వచ్చే ఏటికీ మొలగొలుకుల విత్తనం తీసిపెట్టాను.