బొంబాయి నుంచి వచ్చే రాజు

గద్వాలలో మా మగ్గాల వీధిలో, నా చిన్నప్పుడు, తపాలా బిళ్ళలు దాచుకునే పిచ్చి నా ఒక్కదానికే ఉండేది. చార్మినార్ బిళ్ళ, ఎల్లోరా గుడి బిళ్ళ మా నైజాం రాజ్యానివే కాబట్టి సులువుగా దొరికేవి. పోగులకు పట్టించే గంజితో వాటిని ఒక అట్టకు అంటించుకునేదాన్ని. దొరకనిది కిరీటం పెట్టుకున్న ఇంగ్లీషు రాజు బిళ్ళ. అది బ్రిటిష్ ఇలాకా నుంచి వచ్చే ఉత్తరాల మీదే ఉండేది.

పక్కింటి అక్క భర్త బొంబాయిలో బట్టల మిల్లులో పనిచేసేవాడు. ఆయన ఉత్తరం రాగానే అక్క కవరు మూల తడిపి, బిళ్ళ చిరగకుండా ఊడదీసి నా చేతిలో పెట్టేది.

ఒక ఎండాకాలం ఆ ఉత్తరాలు ఆగిపోయాయి. బిళ్ళలు ఆగాయన్నదే నా బాధ. పొద్దున లేస్తూనే వాళ్ళ గడప దగ్గర నిలబడి, "అక్కా, రాజు వచ్చిండా?" అని అడిగేదాన్ని. లోపల అత్తగారు వింటున్నా, నూలు తెచ్చినవాళ్ళు వింటున్నా అడిగేదాన్ని. అక్క మగ్గం మీద నుంచి తలెత్తకుండా, "జర ఆగు బిడ్డా, వస్తడు" అనేది.

వానలు మొదలయ్యాక నా పేరు మీదే ఒక కవరు వచ్చింది. పైన రాజు బిళ్ళ ఉంది. లోపల చిన్న కాగితం ముక్క కూడా లేదు. పరుగున అక్క దగ్గరికి పోయి, "నాకు రాజు వచ్చిండక్కా! నీకు రాలే?" అన్నాను. అక్క బిళ్ళను చూసి నవ్వింది. "మంచిగున్నడు. పదిలంగ పెట్టుకో."

ఇంటికి రాగానే అమ్మ నన్ను పక్కకు లాగింది. "ఎవరు పంపిండ్రనుకున్నవే? గా అక్కనే. మొన్న రాజోలికి పుట్టింటికి పోయినప్పుడు తమ్మునికి చెప్పి, నది దాటిచ్చి, ఇంగ్లీషోళ్ళ ఇలాకాల ఉన్న కర్నూల్ల టప్పా డబ్బల ఏపిచ్చింది. మొగుడు ఉన్నడో లేడో తెల్వక ఆమె పరేషాన్ల ఉంటే, నువ్వు రోజు పోయి గట్ల అడుగుతివి."

నా చెవులు వేడెక్కిపోయాయి. తరువాత ఆ ఇంటి ముందు నుంచి నడవడానికి కూడా మొహం చెల్లక, వెనక సందులోంచి తిరిగిపోయేదాన్ని. చివరికి అక్కే జొన్నరొట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "నా మీద అలిగినవా ఏంది?" అంది. ఆమె వెంట వెళ్ళి, మగ్గం పక్కన కూర్చుని సాయంత్రం దాకా నూలు కండెలు చుట్టాను. ఏమీ అడగలేదు. కొంతసేపటికి అక్క మగ్గం ఆపి, నా ముందే ఏడ్చింది.

ఆయన మళ్ళీ రాలేదు. ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు.

ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా మాట కలిపేముందు వాళ్ళ ముఖం చూస్తాను. అడగాలనుకున్నది చాలాసార్లు నోట్లోనే ఉండిపోతుంది. అప్పుడు ఊరికే వాళ్ళ పక్కన కూర్చుంటాను.