లైనుకి అటూ ఇటూ నత్తలు

మొన్న వానలు పట్టుకున్నాక, ఇందా పేటలో ఇప్పుడుంటున్న మా ఇంటి మేడమీద ఒక కుండీ జరిపితే దాని అడుగున పిడికిలంత నత్తగుల్ల దొరికింది, గోధుమరంగు చారలతో, ఖాళీగా. పారేయబోయి వాసన చూశాను. ఏది దొరికినా ముందు వాసన చూసే జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. నీళ్లలో నాని కుళ్లిన ఆకులు, బురద కలిసిన ఆ వాసనకి ఈ బెంగాలీ ఊళ్లోనే నిమ్‌పురా రైల్వే క్వార్టర్సులో మా నాయనమ్మ పెరడు కళ్లకు కట్టింది.

పెరడంటే పెద్దదేం కాదు. వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్నకిచ్చిన రెండు గదుల ఇల్లు, వెనక కంచె, కంచె దాటితే బళ్లు తిరగక గడ్డి మొలిచిన సైడింగు లైను, ఆ లైను అవతల మాలాంటి తెలుగువాళ్లవే మరో వరస క్వార్టర్లు. ఆ జానెడు నేలలో నాయనమ్మ గుమ్మడిపాదు పెట్టి, దాని చుట్టూ శ్రీకాకుళం నుంచి కొంగున ముడేసి తెచ్చిన గింజలతో తుమ్మిమొక్కలు పెంచేది. దానంతటదే మొలిచే తుమ్మిని ఎవరైనా విత్తి, నీళ్లు పోసి పెంచుతారా అని వీధంతా నవ్వేది. చవితి పూజకి పూలు, కూరలోకి ఆకు ఎలాగూ వచ్చేవి గాని ఆవిడ లెక్క వేరు. "తుమ్మి పూత్తే ఈగొత్తాది, ఈగొత్తే గుమ్మడి పిందె నిలుత్తాది" అనేది. ఈగంటే తేనెటీగ.

అది నిజమో కాదో చూద్దామని నేను బడికి టైమైపోతున్నా ఆ మొక్కల పక్కన బోర్లా పడుకునేదాన్ని. పొట్టమీద నీలం చారలున్న ఒక రకం ఈగ జుయ్యిమంటూ వచ్చి తెల్లటి తుమ్మిపూవులో తల దూర్చి, నుదుటికి విబూది రాసుకున్నట్టు పుప్పొడితో బయటికొచ్చేది, పక్కనే విచ్చుకున్న గుమ్మడిపూవులోకీ ఒకసారి తొంగిచూసి పోయేది. పక్కింటి బెంగాలీ దీదీ దగ్గర నేర్చుకుని అమ్మ ఆ గుమ్మడిపూలతో బజ్జీలు వేసేది. కాయ కాసే ఆడపువ్వు జోలికి వెళ్లకుండా మగపూలే కోయాలని నాయనమ్మ పక్కనే కాపలా కాసేది.

ఒక వానాకాలం నాన్న ఇల్లు కళగా ఉండాలని గోల్‌బజార్ నుంచి బంతిమొక్కలు తెచ్చాడు. వాటి మట్టిలో సగ్గుబియ్యంలాంటి గింజలుంటే ఎరువనుకుని మళ్లీ మట్టిలోనే జాగ్రత్తగా కప్పాం. అవి నత్తగుడ్లు. మన గట్లమీద తిరిగే నత్తలు కావు, ఎక్కడినుంచో దిగుమతైన రాకాసి జాతి. ముందు బంతి పోయింది, తర్వాత తుమ్మి వరసలకి వరసలు మోడులయ్యాయి. నాకు వాటి కొమ్ముల చివర కళ్లు చూడ్డం సరదా, నాయనమ్మకి మాత్రం కంటికి కునుకు లేదు. ఈ విత్తనం పోతే మళ్లీ ఊరెళ్లి తెచ్చే ఓపిక ఆవిడకి లేదు.

శ్రావణమాసంలో ప్రాణం తియ్యకూడదు. అందుకని తెల్లవారగానే నత్తల్ని బాల్చీలోకి ఏరి, నన్ను తోడు తీసుకుని, లైను దాటి అవతల గడ్డిలో పారబోసి వచ్చేది. ఇనప పట్టా ఎక్కి రాలేవని ఆవిడ ధీమా. ఎన్ని పోసినా మర్నాటికి అన్నీ తయారు. ఒకరోజు కాస్త ఆలస్యంగా వెళ్లాం. పట్టాల దగ్గర అవతలి వరసలోని మరియమ్మ ఎదురైంది, ఆవిడ చేతిలోనూ బాల్చీ!

"ఏటే మరియమ్మా, దాన్లో ఏటున్నాయి?"

"నీ బాల్చీలో ఉన్నవే వొదినా. నీను రోజూ మీ పక్క పారబోత్తన్నాను, మళ్లీ ఎక్కణ్ణించొత్తన్నాయో!"

నాయనమ్మ బాల్చీ దించి పట్టామీద కూలబడింది. "నీను మీ పక్క పోత్తన్నాను గదే! ఓలమ్మో, రోజూ అయ్యే నత్తల్ని మోత్తన్నామేటి?"

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వు తగ్గాక మరియమ్మే దారి చెప్పింది. "మాకు సావనం లేదు. నువ్వు ఏరు, ఉప్పునీల్లలో నీనేత్తాను. నాకు నాలుగు తుమ్మిమొక్కలియ్యి, మా పాదూ గొడ్డుపోయింది."

నాయనమ్మ దగ్గర మిగిలినవే గుప్పెడు మొక్కలు. అయినా సగం పెళ్లగించి ఇచ్చింది. అప్పటినుంచి రోజూ బాల్చీ అందించి, ముఖం తిప్పుకుని "శివశివా, నీను సూడనేదు" అనేది. చవితికి లైనుకి రెండువైపులా తుమ్మి పూసింది. ఈగలు పట్టాలమీదుగా అటూ ఇటూ ఎగురుతుంటే ఎవరింటి ఈగ ఏదో పోల్చాలని నేను తెగ అవస్థ పడ్డాను. క్రిస్మస్‌కి మరియమ్మ ఇంటినుంచి కేకొస్తే, ఇటునుంచి గుమ్మడికాయ వెళ్లింది.

ఇప్పుడు ఆ పట్టాలు ఎత్తేశారు, క్వార్టర్లు కూలగొట్టారు, వాళ్లిద్దరూ లేరు. తుమ్మి కోసం ఊరంతా తిరిగాను, కలుపని పీకేయగా ఎక్కడా మిగల్లేదు. నత్తలకి మాత్రం ఏ లోటూ లేదు. ఈ ఏడాది మేడమీద డ్రమ్ములో గుమ్మడిపాదు పెట్టాను. పూలు విరగబూస్తున్నాయి, ఒక్క ఈగ రాదు, పిందెలు పసుపుపచ్చబడి రాలిపోతున్నాయి. చివరికి ఒక పొద్దున మగపువ్వు కోసి, రేకలు వలిచి, దాని పుప్పొడి ఆడపువ్వులో నేనే అద్దాను. వారానికి పిందె నిలిచింది, అరచేతిలో పట్టేంత ఎదిగింది. సంతోషించాల్సిందే. నేను మాత్రం దాని పక్కన కూచుని ఏడ్చాను.