చూడని ఆటకు చాటింపు

ప్రొద్దుటూరు టూరింగ్ టాకీసులో బొమ్మ మారిందంటే ఆ కబురు ఊరికి ముందుగా తెలిసేది అబ్దుల్ సత్తారు గొంతుతోనే. జట్కా బండికి రెండు పక్కలా బొమ్మల తడికలు కట్టుకుని, ముందు ఒకతను డప్పు కొడుతుంటే, వెనక సత్తారు రేకు గొట్టం నోటికి ఆనించుకుని వీధి వీధీ తిరిగేవాడు. ఇరవై ఏళ్లు అదే పని. అతని చాటింపులో గొప్పలుండేవి కావు, లెక్కలుండేవి. "తొమ్మిది పాటలు, నాలుగు కొట్లాటలు, హాస్యం ఒక మోస్తరు, కడాకు అందురూ బతుకుతారు." అంతే. మొదటి రోజు తాను నేల మీద కూర్చుని బొమ్మ చూసి, మర్నాడే బండెక్కేవాడు. చూడనిది చాటకూడదన్నది అతని నియమం. దీనికి నిజాయితీ అని పెద్ద పేరు పెట్టనక్కర్లేదు. చెప్పిన పాటల్లో ఒకటి తగ్గితే ఆడవాళ్లు వీధిలో నిలబెట్టి కడిగేస్తారు, అదీ సంగతి.

యాభై అయిదు ఎన్నికలకు ఊళ్లోకి మైకులొచ్చాయి. ఎన్నికలైపోయినా మైకులు పోలేదు. టాకీసు యజమాని ఒకటి కొన్నాడు. సత్తారును పిలిచి, "వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నువ్వు గేటు కాడ టికెట్లు చింపు సత్తారూ. నీడ పట్టున ఉంటావు" అన్నాడు. ఆయన దయగానే అన్నాడు. ఆ దయే సత్తారును గుచ్చింది.

"గేటు కాడ నిలబడితే ఏమైతాది? అరిసి అరిసి పట్టుకున్న ఆ రాత్రిళ్ల దగ్గన్నా తగ్గుతాది" అంది భార్య ఖమ్రున్నీసా.

"ఇరవై ఏండ్లు ఊరంతా నా మాట విన్నారు మే. రేపట్నుంచి నా చేతికి టికెట్టిస్తారు, నా మొగం గూడా చూడరు" అన్నాడు సత్తారు.

ఆ వారంలోనే కడప కాలేజీలో చదివే పిల్లలిద్దరు అతని ఇంటికి వచ్చారు. సెలవులకొచ్చిన చెన్నకేశవ ఊళ్లోని వాలీబాల్ క్లబ్బుకు సెక్రెటరీ. వెంట వచ్చిన హుమాయున్ ఆ క్లబ్బులో బంతిని అందరికంటే గట్టిగా కొట్టేవాడు. క్లబ్బువాళ్లు ఆడుకునే బయలు మునిసిపాలిటీది. దాన్ని పత్తి బండ్లు నిలిపే తావుగా మార్చాలని కౌన్సిల్లో మాట వచ్చింది. ఆదివారం జమ్మలమడుగు టీముతో ఆట ఉంది, చైర్మన్ చూడటానికి వస్తానన్నాడు. ఆ రోజు అక్కడ జనం కనబడాలి.

జనం కోసం కుర్రవాళ్లు అప్పటికే ఒక కరపత్రం అచ్చేయించారు. "దేశ సౌభాగ్యమునకు యువజనుల దేహదార్ఢ్యము ఆవశ్యకము" అని మొదలై, "తరలిరండు" అని ముగిసింది. దేహదార్ఢ్యం కోసం ఎండన పడి నడిచి వచ్చే మనిషి ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో లేడు. ఇప్పుడూ ఉన్నట్టు లేడు. ఆ కాగితాల్లో బజారువాళ్లు బొరుగులు పొట్లం కట్టారు.

"నువ్వు బండెక్కితే చాలు మామా" అన్నాడు చెన్నకేశవ.

"నేనా ఆట చూడలే అప్పా. చూడనిది చాటను."

"చూసేదేముంది మామా? నడాన నెట్టు, అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. బంతి ఈ పక్కనుంచి ఆ పక్కకు, ఆ పక్కనుంచి ఈ పక్కకు. అంతే!"

"అంతేనైతే జనమెందుకొస్తారు?" అన్నాడు సత్తారు.

కాని సత్తారు మనసు వేరే దారిలో పోతోంది. మైకు లేకుండా, ఉత్త గొంతుతో ఆ బయలు నింపితే? టాకీసు యజమాని చెవినపడకుండా ఉంటుందా? గేటు మాట మార్చుకోడా? ఆలోచించే కొద్దీ నియమం పలచబడింది. సరేనన్నాడు.

శనివారం పొద్దున బండి కదిలింది. నూనె మిల్లు వీధిలో బొరుగులమ్మే అక్కమ్మ ఎప్పటిలాగే అడ్డం వచ్చింది. ఆ వీధిలో ఆమె వెళ్దామంటేనే బొమ్మకు ఆడవాళ్లు కదులుతారు.

"పాటలుండాయా సత్తారూ?"

ఇరవై ఏళ్ల అలవాటు నాలుక మీద కూర్చుని ఉంది. "ఉండాయక్కా" అనేశాడు.

"కొట్లాటలు?"

"ఈ పక్క ఆరుగురు, ఆ పక్క ఆరుగురు. మనోళ్లకూ జమ్మలమడుగోళ్లకూ!"

"కడాకు ఎవురు సస్తారు?"

"ఎవురూ సావరు."

"అట్లయితే పిల్లోళ్లను గూడా పిల్చకొస్తా" అంది అక్కమ్మ.

బండి ముందుకు పోయింది. సత్తారు మాత్రం తర్వాతి రెండు వీధుల్లో గొట్టం ఎత్తలేదు. డప్పొక్కటే మోగింది.

ఆదివారం సాయంత్రానికి ఆ బయల్లో అయిదారు వందల మంది చేరారు. చాపలు, చంటిపిల్లలు, సద్ది మూటలు. చెన్నకేశవ ఆనందం ఎక్కువసేపు నిలవలేదు. చాటింది సత్తారు గనక బొమ్మే అనుకుని, రెండు గుంజల మధ్య కట్టిన నెట్టును చూసి, తెర దాని మీదే వేస్తారని నిర్ధారించుకుని, జనం దాని ఎదురుగా కోర్టులోనే చాపలు పరిచారు. ముందు వచ్చినవాళ్లు నెట్టుకు దూరంగా, మెడ నొప్పెట్టని తావు చూసుకున్నారు.

"అమ్మా, లేయండి. ఆడేది ఈడే" అని హుమాయున్ చేతులు జోడించాడు.

"నువ్వాడుకో నాయనా, మేము నీకు అడ్డమా? బొమ్మ పడేదాకా ఆడుకో" అంది ఒకావిడ.

వాళ్లను లేపి చుట్టూ కూర్చోబెట్టేసరికి అరగంట పట్టింది. చైర్మన్ కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఆయన వెనక టాకీసు యజమాని కూడా ఉన్నాడు. ఆట మొదలైంది. బంతి ఇటు పోయింది, అటు వచ్చింది. జనం తలలు కాసేపు దాని వెంట తిరిగి ఆగిపోయాయి. అక్కమ్మ లేచి నిలబడింది.

"ఏమప్పా సత్తారూ! పాటలేవి?"

నవ్వులు లేచాయి. తర్వాత నవ్వులు ఆగి మాటలు లేచాయి. "పాటలంట, కొట్లాటలంట! ఎవురూ ఎవురినీ తాకను గూడా తాకలే." "సత్తారు గూడా అబద్ధాలకు దిగినాడు." చాపలు చుట్టే చప్పుడు మొదలైంది. సత్తారు బయలు అంచున జట్కా మీద కూర్చుని ఉన్నాడు. ఒకటో తేదీ గేటు ఇప్పుడతనికి పెద్ద విషయంగా తోచలేదు. ఈ జనం ఇట్లా లేచిపోతే, ఇకపైన ఏ వీధిలోనూ ఎవరూ అతని మాట నమ్మరు.

బండి మీదే లేచి నిలబడి గొట్టం ఎత్తాడు.

"అక్కా, తప్పు నాదే. నేనీ ఆట చూడలే. చూడకుండానే చాటినా. పాటలు లేవు. రోంతసేపు కూచోండి. నేనూ ఇప్పుడే చూస్తాండా. చూసింది చూసినట్టు చెప్తా. బాగలేకుంటే బాగలేదనే చెప్తా."

ఆ చివరి మాటకు అక్కమ్మ కూర్చుంది. ఆమెతోపాటు ఆ వీధంతా కూర్చుంది.

ఆట నియమాలు సత్తారుకు ఒక్కటీ తెలియవు. మనుషులు తెలుసు. "బంతి ఇప్పుడు హుమాయున్ మీదికి వస్తాంది. ఎవురీ హుమాయున్? అద్దకం ఇనాయతుల్లా కొడుకు! వాళ్ల నాయన చీర పిండితే నీళ్ల సుక్క మిగల్దు. కొడుకు ఏం జేస్తాడో సూడండి... కొట్నాడు! అబ్బ, ఏం కొట్నాడప్పా! జమ్మలమడుగాయన పండుకొని మరీ ఎత్తినాడు. ఎవురప్పా నువ్వు? పేరు సెప్పు!"

"జిలానీ!" అని ఆ ఆటగాడు గర్వంగా ఇటు తిరిగి అరిచాడు. బంతి అతని వెనక నేల మీద పడింది. జనం గొల్లుమన్నారు.

చెన్నకేశవ పరుగెత్తుకొచ్చి జట్కా చక్రం పట్టుకున్నాడు. "మామా, ఆటగాళ్లను పలకరించగూడదు! కామెంటరీ అంటే స్కోరు చెప్పాల!"

"స్కోరు నువ్వు చెప్పప్పా. నీకు తెలుసు గదా" అన్నాడు సత్తారు, గొట్టం దించకుండానే. ఆ మాట కూడా బయలంతా వినబడింది.

మూడో గేము పద్నాలుగు, పదమూడు దాకా వచ్చేసరికి అక్కమ్మ చాప మీద లేదు, గీత మీద ఉంది. "ఎత్తు నాయనా, ఎత్తు!" అని జమ్మలమడుగు వాణ్ణి కూడా ప్రోత్సహిస్తోంది. ప్రొద్దుటూరు ఓడిపోయింది. ఒక్కరూ లేవలేదు, ఇంకో ఆట వేయమన్నారు. చైర్మన్ కుర్చీ వదిలి లేస్తూ, "ఇంతమంది కూచునే తావులో బండ్లు నిలిపితే నాకు ఓట్లెవురేస్తారప్పా?" అన్నాడు. క్లబ్బు ఆశయాల గురించి చెన్నకేశవ రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. అదీ మంచిదే అయింది.

టాకీసు యజమాని మైకు అమ్మేయలేదు. ఒకటో తేదీన సత్తారు గేటు దగ్గర నిలబడ్డాడు, టికెట్లు చింపాడు. అయితే టికెట్టిచ్చిన ప్రతివాడూ అతని మొహం చూసి, "మళ్లీ ఆట ఎప్పుడు మామా?" అని అడిగి గాని లోపలికి పోలేదు. పగటిపూట ఆదివారాలు తనకు విడిచిపెట్టమని సత్తారు అడిగాడు, యజమాని కాదనలేదు. గెలిచిన జమ్మలమడుగు వాళ్లు బస్సెక్కేటప్పుడే చెప్పి పోయారు: "మా ఊరికి రాప్పా. మా నాయనోళ్ల పేర్లు గూడా నాలుగూళ్లకు ఇనపడనీ." వాళ్ల ఊళ్లో రెండు ఆటలు చెప్పాడు. తర్వాత పులివెందుల నుంచి పిలుపొచ్చింది.

పులివెందులలో ఆట మొదలయ్యే ముందు పొడుగాటి యువకుడొకడు జట్కా దగ్గరికి వచ్చి నసిగాడు.

"మామా, మా నాయన వచ్చినాడు. లింగాల నుంచి నడిసి వచ్చినాడు. గొర్లు కాస్తాడు. ఈ టవున్లో ఆయన్ను ఎరిగినోళ్లు ఎవురూ లేరు. నేను బంతి కొట్టినప్పుడు ఆయన పేరు ఒక్కసారి అంటావా?"

"పేరేంది?"

"ఈశ్వరయ్య."

"అంటా. ముందు నువ్వు కొట్టు."

మొదటి మూడుసార్లు వాడు బంతిని జనంలోకి కొట్టాడు. నాలుగోసారి వాడు ఎగిరిన ఎగురుకు నెట్టు వాడి నడుముకు తగిలినంత పనయింది. బంతి అవతల నేల మీద పడి దుమ్ము లేపింది.

"కొట్నాడు! ఎవురు కొట్నాడప్పా? ఈశ్వరయ్య కొడుకు! లింగాల ఈశ్వరయ్య కొడుకు!"

జనం వెనక, భుజాన గొంగడితో ఓ మనిషి ఉలిక్కిపడి చెయ్యెత్తాడు. "ఆఁ, ఈడుండా!" అని బదులు పలికి, ఎవరో పిలుస్తున్నారనుకుని ముందుకు నడవసాగాడు. చాపల మీదివాళ్లు కాళ్లు ముడుచుకుని ఆయనకు దారి ఇచ్చారు.