రోకలి ఎత్తిన హజ్జా

అలెగ్జాండ్రియా దగ్గరి దమన్‌హూర్‌లో ఒక కళ్లద్దాల దుకాణం వెనక గదిలో హాతిం అద్దాలు అరగదీస్తాడు. పద్నాలుగేళ్లుగా అదే పని. అద్దం యంత్రంలో తిరిగేంతసేపు అతని చేతులు ఖాళీ. ఆ ఖాళీలో ఫోన్ తీసి మీమ్‌లు చేసేవాడు. అతని పేజీకి మూడువందలమంది చదువరులు. వాళ్లలో సగం చుట్టాలు.

దేశమంతా అవే పాత సినిమాల ముఖాలు వాడుతుంది. ఒక్క ముఖం చేత వెయ్యిమంది వెయ్యి మాటలు పలికిస్తారు. హాతింకి అవి నమిలి నమిలి చప్పబడ్డ చెరకుపిప్పిలా అనిపించాయి. కొత్త ముఖం కావాలి. ఫోన్‌లో వెతుకుతుంటే కూతురి ఏడోరోజు వేడుక ఫొటో తగిలింది.

ఆచారం ప్రకారం పసిపాపని జల్లెడలో పడుకోబెట్టారు. పక్కన అతని అత్తగారు ఇన్షిరాహ్, పెద్దరికానికి అందరూ హజ్జా అంటారు. ఇత్తడి రోట్లో రోకలి మోగిస్తూ పాప చెవిలో వేయాల్సిన మాట వేస్తోంది: "మీ అమ్మ మాట విను. మీ నాన్న మాట వినకు." ప్రతి అమ్మమ్మా నవ్వుతూ అనే మాటే. ఈవిడ నవ్వలేదు. రెండో మాటకి రోకలి పైకెత్తి అల్లుడి వంక చూసింది. ఆ చూపు ఫొటోలో పడింది.

హాతిం పాపని కత్తిరించాడు, చుట్టాలని కత్తిరించాడు. అత్తగారి కళ్లకి గుండ్రటి లావు కళ్లద్దాలు గీశాడు. పైన రాశాడు: "ఇంకా స్నానాలగదిలోనే ఉండి, 'దారిలో ఉన్నా' అని చెప్పే స్నేహితుడికి."

"మా అమ్మ చూస్తే?" అంది భార్య నజ్లా.

"గుర్తుపట్టదులే. కళ్లద్దాలు పెట్టానుగా."

"మా అమ్మ గడ్డం ఊరంతటికీ తెలుసు, హాతిం."

వారం తిరిగేసరికి ఆ ముఖం దేశం మీద పడింది. ఫుట్‌బాల్ అభిమానులు రిఫరీ మీదికి దాన్ని వదిలారు. అలెగ్జాండ్రియాలో అన్నం, పప్పు కలిపి కుషరీ అమ్మే ఒక కొట్టువాడు గోడకి అంటించాడు. హాతిం భయపడి తన పేజీలోంచి తీసేశాడు. అప్పటికి అది తనది కాదు.

వాళ్లు హజ్జా ఇంటి కింది అంతస్తులోనే ఉంటారు. శుక్రవారం భోజనం ఆవిడ బల్ల దగ్గరే. ఒక పెళ్లిలో తన వంటని వేళాకోళం చేశాడని సొంత తమ్ముడితో ఆవిడ నాలుగేళ్లు మాట్లాడలేదు. తమ్ముడే అంత అయితే అల్లుడెంత? గొడవైతే నజ్లా రోజూ తల్లికీ మొగుడికీ మధ్య మెట్లెక్కి దిగాల్సివస్తుంది. పదకొండు రోజులు హాతిం మెట్ల మీద చెప్పుల చప్పుడు వింటే చాలు, అన్నం మింగలేకపోయాడు.

పన్నెండో రోజు శుక్రవారం. ప్రార్థన నుంచి వస్తుండగానే పైనుంచి కేక.

"హాతిం! పైకి రా. ఒక్కడివే రా."

హజ్జా బల్ల మీద ఫోన్ పెట్టి కూర్చుంది. తెర మీద ఆవిడే. రోకలి, కళ్లద్దాలు.

"ఇదెవరు?"

"మీరే, హజ్జా."

"నేనని నాకు తెలుసు. పక్కింటి సాబిర్ తల్లికీ తెలుసు. రోలు చూసి పట్టేసింది. ఈ వీధిలో ప్రతి బిడ్డ ఏడోరోజుకీ ఆ రోలేగా అరువు పోయేది. అంచు విరిగిన రోలు ఇంకెవరికుంది? చుట్టాలందర్నీ కత్తిరించావు, దాన్ని వదిలేశావు."

హాతిం వంగి తెర మీది రోలు అంచు చూశాడు.

"అది కాదు నేనడిగేది. పైన ఏం రాసుందో చదువు."

చదివాడు. "'తాలింపు పోసేటప్పుడు హా అని ఊపిరి తీయకపోయినా ములూఖియాకి ఏం కాదు.'"

"నేనా ఆ మాటన్నది?"

"అయ్యో, మీరెందుకంటారు..."

"యాభై ఏళ్లుగా ఆ ఆకుకూర పులుసు వండుతున్నాను. హా అని ఊపిరి తీస్తేనే కదా దానికి రుచి. వెల్లుల్లి తాలింపు ఒక్కసారైనా ఊపిరి తీయకుండా పోశానా? మీ మామగారు చనిపోయిన నెలలో కూడా తీశాను. ఇప్పుడు వీధి చివరింటి ఆ ఫవ్‌జియ్యా మెట్ల మీద నిలదీస్తోంది, 'ఏం హజ్జా, ఊపిరి మానేశావా?' అని!"

"అది నేను రాయలేదు. దేవుడి మీద ఒట్టు. ఎవడో ముఖం తీసుకుని తన మాట పెట్టాడు."

"మరి నువ్వేం రాశావ్?"

తన ఫోన్‌లో మిగిలిన మొదటిది చూపించాడు. ఆవిడ ఫోన్ దూరంగా పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఇది నిజమే," అంది చివరికి. "మన చుట్టాల్లో మగ్దీగాడు అచ్చం ఇంతే. నేనూ ఇదే అందును." మళ్లీ చూసింది. "ఈ కళ్లద్దాలేమిటి, ఇంత దరిద్రంగా? అద్దాల పనివాడివి, సిగ్గులేదూ?"

"గుర్తుపట్టకూడదని, హజ్జా."

"పట్టారుగా. తీసెయ్. తీసి, నే చెప్పేది రాయి."

హాతిం కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది, అంతసేపూ నిలబడే ఉన్నాడని.

"'ఊపిరి తీయకుండా ములూఖియా వండే ఆడదానికి...' ఆగు, 'వండేవాళ్లకి' అని పెట్టు, మగాళ్లూ వండుతున్నారట. 'వండేవాళ్లకి చెప్పండి, మీరు వండింది గడ్డి. దాన్ని గాడిదకి పెట్టండి. గాడిద వద్దంటే నన్ను తిట్టకండి.' రాశావా?"

"ఇంత పొడుగైతే ఎవరూ చదవరు, హజ్జా."

"నా ముఖం ఉందిగా. చదువుతారు."

మెట్ల మీద నజ్లా నవ్వు వినిపించింది. ఎప్పటినుంచి నిలబడి వింటోందో. హజ్జా వంటగదిలోకి వెళ్లింది. నెయ్యి చిటపటలాడింది, వెల్లుల్లి వాసన వచ్చింది, ఆ వెంటనే హా అని ఊపిరి. వీధి చివర ఫవ్‌జియ్యాకి కూడా వినబడాలన్నట్టు తీసింది. హాతిం ఆ రోజు మూడు గిన్నెలు తిన్నాడు. ఎవరూ లెక్కపెట్టలేదు.

మర్నాడు దుకాణంలో యంత్రం మీద అద్దం తిరుగుతుండగా ఫోన్ మోగింది. హజ్జా గొంతుతో సందేశం. దాని వెనక ఇంకొకటి. మధ్యాహ్నానికి పదహారయ్యాయి. "ఇది రాయి, నాయనా", "అది కొట్టేసి ఇలా రాయి, నాయనా". ఒక్కటీ నవ్వొచ్చేది కాదు. హాతిం అన్నీ విన్నాడు, కొన్ని రెండోసారి కూడా.